అవసరం ముందా, మార్పు ముందా? ప్రకృతివరణానికీ ఆర్జిత లక్షణాల వాదానికీ మధ్య అసలు తేడా

సారాంశం: జీవులు తమ పరిసరాలకు తగినట్టు తరతరాలుగా మారతాయన్న విషయంలో లామార్క్‌కూ డార్విన్‌కూ పేచీ లేదు. ఆ మార్పు అవసరం వచ్చాక పుడుతుందా, అంతకు ముందే ఉంటుందా అన్న దగ్గరే దారులు వేరవుతాయి. 1943 నాటి ఒక బాక్టీరియా ప్రయోగం ఈ ప్రశ్నను లెక్కగట్టి తేల్చింది. ఎపిజెనెటిక్స్ (డీఎన్‌ఏ వరస మారకుండానే జన్యువుల పనితీరు మారడం), క్రిస్పర్ (బాక్టీరియా రక్షణ వ్యవస్థ) వంటి కొత్త విషయాలు ఆ తీర్పుకు కొన్ని మినహాయింపులు చేర్చాయి గానీ దాన్ని కొట్టేయలేదు. తేడా పుస్తకాలకే పరిమితం కాదు, క్షయవ్యాధికి ఒకేసారి నాలుగు మందులు ఇవ్వడం వెనక ఉన్నది ఇదే.

"మందుకు బాక్టీరియా అలవాటు పడిపోయింది." "దోమలు మందును తట్టుకోవడం నేర్చుకున్నాయి." "చీకట్లో కళ్లతో పని లేక గుహ చేపలకు చూపు పోయింది." వార్తల్లో, తరగతి గదుల్లో, ఒక్కోసారి వైద్యుల నోట కూడా ఇలాంటి మాటలు వినిపిస్తుంటాయి. చెప్పేవారు డార్విన్ సిద్ధాంతమే చెబుతున్నామనుకుంటారు. వాక్యాన్ని విప్పి చూస్తే లోపల కూర్చున్నది లామార్క్. అవసరం వచ్చింది, జీవి అందుకు తగ్గట్టు మారింది, ఆ మార్పు పిల్లలకు అందింది. డార్విన్ చెప్పిన వరస దీనికి తలకిందులు.

దీనికి తోడు కొన్నేళ్లుగా మరో గందరగోళం వచ్చి చేరింది. ఎపిజెనెటిక్స్ మీద ఏదైనా పరిశోధన వెలువడగానే "లామార్క్ చెప్పిందే నిజం" అనే శీర్షికలు పుట్టుకొస్తున్నాయి. చాలా సందర్భాల్లో శీర్షిక ఒకటి, లోపలి పరిశోధన చెప్పేది మరొకటి. రెంటినీ విడదీసి చూడాలంటే పాత వాదం దగ్గరికే ఒకసారి వెళ్లాలి.

ఫలితం ఒకటే, దారులు రెండు

ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్ 1809లో రెండు సూత్రాలు ప్రతిపాదించాడు. తరచూ వాడే అవయవం బలపడుతుంది, వాడని అవయవం క్షీణిస్తుంది అనేది మొదటిది. అలా బతుకులో సంపాదించుకున్న మార్పులు, అంటే ఆర్జిత లక్షణాలు, సంతానానికి అందుతాయనేది రెండోది. ఈ రెండోది ఆయన కనిపెట్టింది కాదు, అప్పటికే చాలామంది సహజంగా నమ్ముతున్న మాట. మెడ చాచి చాచి జిరాఫీ మెడ సాగిందన్న ఉదాహరణకు ఆయన కేటాయించింది కొద్ది వాక్యాలే. అయినా ఆయన పేరు చెబితే ఇవాళ జిరాఫీ తప్ప మరొకటి గుర్తుకు రాదు. జీవజాతులు మారుతూ వచ్చాయని సమగ్రంగా, బాహాటంగా వాదించిన తొలితరం వాళ్లలో ఆయనొకడన్న సంగతి ఆ మెడ వెనక మరుగున పడింది.

1858 జులై 1న లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో డార్విన్, మరో ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్‌ల రచనలను కలిపి చదివి వినిపించారు. మరుసటి ఏడాది డార్విన్ పుస్తకం వెలువడింది. ప్రకృతివరణం అని పిలిచే వాళ్ల తర్కం ఇలా సాగుతుంది: ఒకే జాతి జీవుల మధ్య తేడాలు ఎప్పుడూ ఉంటాయి. వాటిలో కొన్ని వంశపారంపర్యంగా వస్తాయి. పుట్టినవన్నీ బతికి పిల్లల్ని కనలేవు. ఉన్న పరిస్థితిలో ఏ తేడా కాస్త అక్కరకొస్తే ఆ తేడా ఉన్నవి ఎక్కువ సంతానాన్ని మిగుల్చుతాయి. తరాలు గడిచేకొద్దీ గుంపులో ఆ రకం వాటా పెరుగుతుంది.

ఈ తర్కంలో పరిణామం కోసం ఏ ఒక్క జీవీ మారనక్కర్లేదు. పొట్టి మెడతో పుట్టిన జిరాఫీ పొట్టి మెడతోనే చస్తుంది. మారేది మందలో పొట్టి మెడలకూ పొడవు మెడలకూ మధ్య ఉన్న నిష్పత్తి. లామార్క్ లెక్కలో చావులతో పని లేదు, అందరూ కష్టపడతారు, అందరూ కాస్త కాస్త మారతారు. డార్విన్ లెక్క మాత్రం చావులు, సంతానం లేకుండా పోయిన బతుకులు లేకపోతే అడుగు ముందుకు వేయదు. వెయ్యి తరాల తర్వాత వచ్చి చూసేవారికి రెండు దారుల్లోనూ కనిపించేది పొడవు మెడల మందే. అందుకే ఫలితాన్ని చూసి ఏ దారిన వచ్చిందో చెప్పడం కుదరదు. దారిలో నిలబడి చూడాలి.

డార్విన్‌లో కొంత లామార్క్

పాఠ్యపుస్తకాలు వీరిద్దరినీ ఎదురెదురుగా నిలబెడతాయి. చరిత్ర అంత శుభ్రంగా లేదు. వాడుక వల్ల వచ్చిన మార్పులు కొంతమేర సంతానానికి అందుతాయని డార్విన్ కూడా నమ్మాడు. అప్పటికి అనువంశికత ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. తల్లిదండ్రుల లక్షణాలు రెండు రంగుల్లా కలిసిపోతాయనే అభిప్రాయమే చెలామణిలో ఉండేది. అదే నిజమైతే ఎంత మేలైన కొత్త లక్షణమైనా కొన్ని తరాల్లోనే పలచబడి కనుమరుగవుతుంది, ప్రకృతి ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. 1867లో ఫ్లీమింగ్ జెన్కిన్ అనే ఇంజినీరు సరిగ్గా ఈ అభ్యంతరమే లేవనెత్తాడు.

1868లో డార్విన్ ఒక ఊహ ముందుకు తెచ్చాడు. శరీరంలోని ప్రతి భాగం నుంచీ సూక్ష్మమైన రేణువులు వెలువడి బీజకణాల్లోకి చేరతాయని, అందువల్లే తల్లిదండ్రుల దేహస్థితి పిల్లల్లో ప్రతిఫలిస్తుందని అందులో చెప్పాడు. దీన్ని పరీక్షించింది ఆయన దగ్గరి బంధువు ఫ్రాన్సిస్ గాల్టనే. ఒక రంగు కుందేళ్ల రక్తాన్ని మరో రంగు కుందేళ్లకు ఎక్కించి వాటి పిల్లల్ని పరిశీలించాడు. రేణువులు రక్తంలో తిరుగుతుంటే పిల్లల రంగులో దాని జాడ కనిపించాలి. కనిపించలేదని 1871లో ప్రకటించాడు. రేణువులు రక్తంలోనే ఉంటాయని తాను అనలేదని డార్విన్ బదులిచ్చాడు.

లామార్క్ వాదాన్ని గట్టిగా ఇరుకున పెట్టే ఉదాహరణను ముందుకు తెచ్చిందీ డార్వినే కావడం విశేషం. చీమల్లో, తేనెటీగల్లో కూలీలుగా పనిచేసేవి సాధారణంగా సంతానం కనవు. కొన్ని చీమజాతుల్లో కూలీల దవడలు, తలలు రాణి చీమకు ఏమాత్రం పోలిక లేనంత వేరుగా ఉంటాయి. జీవితమంతా దవడలు వాడి ఎంత బలం సంపాదించినా దాన్ని అందించడానికి ఆ చీమకు పిల్లలే లేరు. ఆ దవడలు తరతరాలుగా రూపుదిద్దుకోవడానికి వాడుక కారణం కావడం అసాధ్యం. అలాంటి కూలీలను కన్న రాణుల పుట్టలు వర్ధిల్లాయి, మిగతావి అంతరించాయి అనుకుంటే చిక్కు విడిపోతుంది.

వైస్‌మన్ గీసిన గీత

జర్మన్ జీవశాస్త్రవేత్త ఆగస్ట్ వైస్‌మన్ 1880లలో ఈ చర్చకు కొత్త పునాది వేశాడు. శరీర కణాలు వేరు, బీజకణాలు వేరు. బీజకణాల నుంచి శరీరం తయారవుతుంది, శరీరం నుంచి బీజకణాలకు సమాచారం తిరిగి వెళ్లదు. చేతి కండలు ఎంత పెంచినా ఆ కబురు వీర్యకణానికో అండానికో చేర్చే దారి లేదన్నమాట.

ఆయన పేరుతో అందరికీ గుర్తున్నది ఎలుకల తోకల ప్రయోగం. వరుసగా ఐదు తరాల తెల్ల చిట్టెలుకల తోకలు కత్తిరిస్తూ వెళ్లాడు. అలాంటి తల్లిదండ్రులకు పుట్టిన 901 పిల్లల్లో ఒక్కదానికీ తోక లేకుండా పోలేదు, కురచ కాలేదు. దీంతో లామార్క్ ఓడిపోయాడని చాలాచోట్ల రాస్తారు. నిజానికి ఇది లామార్క్‌కు సరైన పరీక్ష కాదు. ఆయన మాట్లాడింది జీవి తన అవసరం కొద్దీ చేసే ప్రయత్నం గురించి, బయటివాడు కత్తితో చేసిన గాయం గురించి కాదు. గాయాలు కూడా సంతానానికి అందుతాయంటూ ఆ రోజుల్లో ప్రచారంలో ఉన్న కథలకు మాత్రం ఈ ప్రయోగం సూటి జవాబు.

దీనికంటే ఎక్కువ తేల్చిన ప్రయోగం డెన్మార్క్‌లో జరిగింది. విల్‌హెల్మ్ జొహాన్సెన్ చిక్కుడు జాతి గింజలను తీసుకుని, ఒక్కో మొక్క నుంచి స్వపరాగ సంపర్కంతో వచ్చిన సంతతిని విడివిడిగా పెంచాడు. ఒకే వంశంలోనూ కొన్ని గింజలు పెద్దవిగా, కొన్ని చిన్నవిగా ఉన్నాయి. నేల, ఎండ, కాయలో గింజ ఉన్న చోటు వంటివి ఈ తేడాకు కారణం. ఆ వంశంలో పెద్ద గింజలే ఏరి నాటినా, చిన్న గింజలే ఏరి నాటినా తర్వాతి పంట సగటు బరువు ఒకేలా వచ్చింది. వేర్వేరు వంశాల మధ్య తేడాలు మాత్రం తరాలు గడిచినా నిలిచాయి. పరిసరాల వల్ల వచ్చే తేడా ఒక రకం, వంశంతో వచ్చే తేడా మరో రకం అని 1903 నాటికి ఇలా చేతికి దొరికే రుజువు వచ్చింది. ఎంపికకు ముడిసరుకు ఆ రెండో రకమే. మెండెల్ 1866లో ప్రచురించిన బఠానీ ప్రయోగాలు 1900లో మళ్లీ వెలుగులోకి రావడంతో, లక్షణాలు రంగుల్లా కలిసిపోవన్న సంగతి కూడా స్పష్టమై జెన్కిన్ అభ్యంతరం వీగిపోయింది.

ఇరవై గొట్టాలు చెప్పిన సాక్ష్యం

ఇంత జరిగినా బాక్టీరియా విషయంలో లామార్క్ వాదం 1940ల దాకా బతికే ఉంది. వాటిలో శరీర కణం, బీజకణం అన్న విభజనే లేదు. వైరస్ దాడి చేయగానే కొన్ని బాక్టీరియాలు తట్టుకునే శక్తి తెచ్చుకుంటాయని, ఆ శక్తి తర్వాతి తరానికి అందుతుందని నమ్మడానికి అడ్డేమీ లేదు.

సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ 1943లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నను గణితంగా మార్చింది. ఇ. కోలి బాక్టీరియాను కొన్ని వైరస్‌లు నిమిషాల్లో చంపేస్తాయి. కోట్ల బాక్టీరియాను వైరస్ పూసిన పళ్లెంలో పరిస్తే దాదాపు అన్నీ చచ్చి, అక్కడక్కడా కొన్ని తట్టుకుని గుంపులు కడతాయి. ఆ కొన్నింటికి తట్టుకునే శక్తి పళ్లెంలో వైరస్ తగిలాక వచ్చిందా, అంతకు ముందు గొట్టంలో హాయిగా పెరుగుతున్నప్పుడే ఉందా?

బాక్టీరియాను చాలా తక్కువ సంఖ్యలో విడివిడి గొట్టాల్లో వేసి, వైరస్ సోకకుండా కోట్లకు పెరగనిచ్చారు. తర్వాత ఒక్కో గొట్టాన్నీ ఒక్కో వైరస్ పళ్లెంలో ఒలికించారు. వైరస్ తగిలాకే శక్తి వస్తుందనుకుందాం. అప్పుడు అన్ని గొట్టాల్లోని బాక్టీరియాకూ అవకాశం ఒకటే కాబట్టి అన్ని పళ్లేల్లోనూ బతికినవాటి సంఖ్య కాస్త అటూ ఇటుగా ఒకేలా ఉండాలి. అలా కాక గొట్టంలో పెరుగుతున్నప్పుడే యాదృచ్ఛికంగా మార్పు వచ్చి ఉంటే లెక్క వేరు. మార్పు తొలి విభజనల్లోనే వచ్చిన గొట్టంలో దాని సంతానం వందల్లో ఉంటుంది. చివర్లో వచ్చిన గొట్టంలో ఒకటో రెండో ఉంటాయి. రాని గొట్టంలో సున్నా. ఈ ఆలోచన లూరియాకు ఒక విందులో జూదపు యంత్రాన్ని చూస్తుండగా తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ యంత్రం ఎక్కువసార్లు ఏమీ ఇవ్వదు, ఎప్పుడో ఒకసారి గుట్టగా కుమ్మరిస్తుంది.

ఒక విడతలో ఇరవై గొట్టాలు పరీక్షించారు. పదకొండింట్లో ఒక్కటీ బతకలేదు. కొన్నింట్లో ఒకటి, మూడు, ఐదు, ఆరు. ఒకదాంట్లో 35, ఇంకోదాంట్లో 64, మరొకదాంట్లో ఏకంగా 107. సగటు సుమారు 11, అయినా ఏ గొట్టమూ ఆ సగటుకు దగ్గరగా లేదు. అదే సమయంలో ఒకే పెద్ద గొట్టం నుంచి తీసిన నమూనాలను పరిస్తే అంకెలన్నీ దగ్గర దగ్గరగా వచ్చాయి. కాబట్టి తేడా పళ్లెంలో పుట్టింది కాదు, గొట్టంలోనే పుట్టింది. వైరస్ ముఖం చూడకముందే వైరస్‌ను తట్టుకునే బాక్టీరియా అక్కడ ఉంది.

దీన్ని కంటితో చూసే పద్ధతిని 1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు కనిపెట్టారు. బాక్టీరియా గుంపులున్న పళ్లెం మీద మఖ్మల్ గుడ్డను అద్ది, అదే గుడ్డను వైరస్ ఉన్న పలు పళ్లేల మీద వరుసగా అద్దారు. అన్నింట్లోనూ బతికిన గుంపులు ఒకే చోట్ల కనిపించాయి. వైరస్ ఎన్నడూ తగలని మొదటి పళ్లెంలో అదే చోటు నుంచి బాక్టీరియాను తీసి వృద్ధి చేస్తూపోతే అవీ వైరస్‌ను తట్టుకున్నాయి. అంతవరకూ వాటికి ఆ శక్తితో పనే పడలేదు.

మ్యుటేషన్లు, అంటే డీఎన్‌ఏలో వచ్చే మార్పులు, యాదృచ్ఛికం అనడంలో అర్థం ఇంతవరకే. అన్ని మార్పులూ ఒకే రేటున వస్తాయని కాదు. ఎక్స్‌రే తగిలితే రేటు పెరుగుతుంది, ఆకలి వంటి ఒత్తిడిలో కొన్ని బాక్టీరియాల్లోనూ పెరుగుతుంది. ఏ మార్పు కావాలో చూసి అదే రాదు, అంతే. 1988లో జాన్ కెయిర్న్స్ బృందం ఆకలితో ఉన్న బాక్టీరియా తమకు కావలసిన మ్యుటేషన్‌నే ఎంచుకుంటున్నట్టుందని రాసినప్పుడు పెద్ద దుమారం రేగింది. తర్వాతి పరిశోధనల్లో అదే బాక్టీరియాలో ఎందుకూ పనికిరాని చోట్ల కూడా మ్యుటేషన్లు పెరిగాయని తేలింది.

బయటి ప్రపంచంలో

ప్రయోగశాల బయట కూడా దారిలో నిలబడి చూసిన సందర్భాలు ఉన్నాయి. గలాపగోస్ దీవుల్లోని డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు దశాబ్దాల పాటు ఫించ్ పిట్టలకు గుర్తులు కట్టి, ముక్కులు కొలిచారు. 1977లో వానలు ముఖం చాటేశాయి. మెత్తటి చిన్న గింజలు అయిపోయి గట్టి పెంకు గింజలే మిగిలాయి. మధ్యరకం నేల ఫించ్‌లలో అత్యధిక భాగం చచ్చిపోయాయి. బతికినవాటి ముక్కులు సగటున లావుగా ఉన్నాయి, వాటి పిల్లలవీ అంతే. కరువులో కష్టపడి కొరికినందుకు ఏ పిట్ట ముక్కూ లావు కాలేదు. ఒక్కో పిట్టకూ కరువుకు ముందరి కొలత నమోదై ఉంది కాబట్టే ఈ మాట ధీమాగా చెప్పగలుగుతున్నారు. 1982–83లో ఎల్‌నినో వల్ల కుండపోత వానలు కురిసి చిన్న గింజలు విరివిగా పండాక ఎంపిక అటు నుంచి ఇటు తిరిగింది.

యాంటీబయాటిక్‌ల విషయంలో సాక్ష్యం ఇంకా పాతది. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో సుమారు 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల నుంచి తీసిన డీఎన్‌ఏలో పెన్సిలిన్ తరహా మందులు, టెట్రాసైక్లిన్, వాంకోమైసిన్ వంటివాటిని తట్టుకునే జన్యువులు ఉన్నట్టు 2011లో వెల్లడైంది. మనిషి మందు తయారు చేయడానికి వేల ఏళ్ల ముందు నుంచే ఆ శక్తి ఉంది. నేలలోని సూక్ష్మజీవులు ఒకదానిపై ఒకటి ఇలాంటి విషాలు ప్రయోగించుకోవడం చాలా పాత సంగతి. ఆసుపత్రులు చేసింది ఉన్నదాన్ని ఏరి పెంచడం. పైగా బాక్టీరియా ఇలాంటి జన్యువులను పక్కనున్న ఇతర బాక్టీరియాకు కూడా అందించగలదు.

గుహ చేపల కళ్లు

లామార్క్ వాదానికి అన్నింటికంటే అనువుగా కనిపించే ఉదాహరణ ఇదే. మెక్సికోలోని నదుల్లో ఉండే ఒక చిన్న చేపజాతికి మామూలు కళ్లున్నాయి. అదే జాతి గుహల్లో ఉన్నచోట గుడ్డిది. వాడలేదు కాబట్టి పోయాయి అనిపించడం సహజం.

దగ్గరగా చూస్తే కథ వేరు. గుహ చేప పిండంలో కన్ను తయారవడం మొదలవుతుంది, ఆ తర్వాత కటకంలోని కణాలు చనిపోయి కన్ను కుంచించుకుపోతుంది. నది చేప పిండం నుంచి కటకాన్ని తీసి గుహ చేప పిండంలో పెడితే కన్ను పెరిగింది. మరో ప్రయోగంలో వేర్వేరు గుహల గుడ్డి చేపలను జతకట్టిస్తే పుట్టిన పిల్లల్లో కొన్నింటికి చూపు వచ్చింది. ఒక గుహలో ఒక జన్యువు, మరో గుహలో మరో జన్యువు దెబ్బతిన్నాయి. పిల్లకు ఒకరి లోపాన్ని మరొకరి మంచి జన్యువు కప్పేసింది. వాడకపోవడం అనే ఒకే కారణం నేరుగా కళ్లను తుడిచేసి ఉంటే ఇలా గుహకో రకంగా జరగడాన్ని వివరించడం కష్టం.

చీకట్లో కన్ను ఊరికే ఉండే అలంకారం కూడా కాదు. చూపుకు సంబంధించిన కణజాలం ఈ చేపలు విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తిలో, వాటి పరిమాణాన్ని బట్టి సుమారు 5 నుంచి 15 శాతం దాకా తినేస్తుందని 2015లో లెక్కగట్టారు. తిండి కరువైన గుహలో అది చిన్న మొత్తం కాదు. వెలుతురున్న చోట గుడ్డితనం తెచ్చే మ్యుటేషన్ ఉన్న చేప త్వరగా చస్తుంది. చీకట్లో అదే మ్యుటేషన్ ఖర్చు తగ్గిస్తుంది. పైకి వాడుక, అవాడుక సూత్రంలా కనిపించే దాని లోపల ఇలా ఎంపికే నడుస్తూ ఉండవచ్చు.

బ్రిటిష్ జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ 1950లలో పండ్ల ఈగలపై చేసిన ప్రయోగం ఈ భ్రమ ఎంత బలంగా ఉండగలదో చూపించింది. ప్యూపా దశలో ఉన్న ఈగలను నాలుగు గంటల పాటు 40 డిగ్రీల వేడిలో ఉంచితే కొన్నింటి రెక్కల్లో అడ్డంగా ఉండే ఈనె ఏర్పడదు. అలాంటివాటినే ఏరి జతకట్టిస్తూ పోయాడు. సుమారు 14 తరాలకు, వేడి తగలకుండానే ఈనె లేని ఈగలు పుట్టసాగాయి. సంపాదించుకున్న లక్షణం వంశంలోకి ఎక్కినట్టే ఉంది కదా! జరిగింది మాత్రం వేరు. ఈనె ఏర్పడకపోవడానికి దోహదం చేసే జన్యు తేడాలు గుంపులో ముందే చెదురుమదురుగా దాగి ఉన్నాయి. వేడి వాటిని బయటపెట్టింది, ఏరడం వాటిని ఒకచోట చేర్చింది. దగ్గరి బంధువుల మధ్యే జతకట్టిస్తూ, అలాంటి తేడాలు లేకుండా పెంచిన ఈగల వంశాల్లో ఇదే ప్రయోగం ఫలించలేదు.

రాజకీయం తలదూర్చినప్పుడు

సోవియట్ యూనియన్‌లో త్రోఫిమ్ లైసెంకో గోధుమ విత్తనాలకు చలి తగిలిస్తే వచ్చే మార్పులు వంశపారంపర్యమవుతాయని వాదించి స్టాలిన్ అండ సంపాదించాడు. ప్రపంచమంతా తిరిగి పంట విత్తనాల నిధిని సేకరించిన నికొలాయ్ వావిలోవ్‌ను 1940లో అరెస్టు చేశారు, 1943లో ఆయన సరతోవ్ జైల్లో చనిపోయాడు. 1948 ఆగస్టులో జన్యుశాస్త్రాన్ని అధికారికంగా బహిష్కరించారు. లైసెంకో పట్టు 1960ల మధ్య దాకా సడలలేదు. ఈ చరిత్ర వల్ల ఆర్జిత లక్షణాల మాట ఎత్తడమే పాశ్చాత్య శాస్త్రవేత్తల్లో చాలాకాలం అనుమానాస్పదంగా మారింది. ఎపిజెనెటిక్స్ మీద ఇవాళ వస్తున్న అత్యుత్సాహానికీ, అంతే స్థాయి చిరాకుకూ ఈ నేపథ్యం కొంత కారణం.

ఎపిజెనెటిక్స్‌కు మూడు ప్రశ్నలు

డీఎన్‌ఏ అక్షరాల వరస మారకుండానే, వాటికి అంటుకునే మిథైల్ గుంపుల వంటి రసాయనిక గుర్తుల వల్ల జన్యువులు పనిచేయడం, మానేయడం జరుగుతుంది. తిండి, ఒత్తిడి, విషాలు ఈ గుర్తులను మార్చగలవు. ఇంతవరకు వివాదం లేదు. దీన్ని లామార్క్ విజయం అనాలంటే మూడు ప్రశ్నలు దాటాలి: ఆ గుర్తు తర్వాతి తరానికి అందుతుందా? అంది నిలుస్తుందా? అది అవసరానికి తగిన మార్పేనా?

మొదటి ప్రశ్న దగ్గరే చాలా వార్తలు తడబడతాయి. 1944–45 చలికాలంలో నాజీల దిగ్బంధం వల్ల నెదర్లాండ్స్‌లో తీవ్ర కరువు వచ్చింది. అప్పుడు తల్లి కడుపులో ఉన్నవారి రక్తంలో, ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఒక జన్యువు దగ్గర మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయని 2008లో వెల్లడైంది. ముఖ్యమైన ఫలితమే, కానీ ఇది వారసత్వం కాదు. ఆ కరువు కడుపులోని బిడ్డకు నేరుగా తగిలింది. ఆ బిడ్డలోని బీజకణాలు కూడా అప్పటికే తయారవుతూ ఉంటాయి కాబట్టి మనవలకూ నేరుగా తగిలినట్టే. గర్భిణికి తగిలిన దెబ్బ నిజంగా తరాలు దాటిందనాలంటే మునిమనవల దాకా వెళ్లి చూడాలి. మనుషుల్లో అంత పకడ్బందీ ఆధారం దొరకడం చాలా కష్టం.

రెండో ప్రశ్నకు జవాబు జీవిని బట్టి మారుతుంది. క్షీరదాల్లో ఈ గుర్తులు రెండుసార్లు పెద్ద ఎత్తున చెరిగిపోతాయి: బీజకణాలు రూపొందేటప్పుడు ఒకసారి, ఫలదీకరణ జరిగాక మరోసారి. కొన్ని చోట్ల మాత్రం చెరగకుండా మిగులుతాయి. ఒక సూక్ష్మమైన గుండ్రటి పురుగు జాతిలో చిన్న ఆర్‌ఎన్‌ఏల ద్వారా కొన్ని ప్రభావాలు కొన్ని తరాల పాటు అంది, ఆపై సాధారణంగా ఆరిపోతాయి. మొక్కల్లో బీజకణాలకు తొలినుంచే కేటాయించిన వంశం లేదు, ఈ గుర్తులూ ఎక్కువ కాలం నిలుస్తాయి. టోడ్‌ఫ్లాక్స్ అనే మొక్కలో మామూలు పువ్వుకు బదులు అన్ని వైపులా ఒకేలా ఉండే వింత పువ్వు పూసే రకాన్ని లిన్నేయస్ 18వ శతాబ్దంలోనే వర్ణించాడు. అందుకు కారణం ఒక జన్యువుకు మిథైల్ గుర్తులు దట్టంగా పట్టి అది నోరు మూసుకోవడమేనని 1999లో తేలింది. ఆ గుర్తు సంతానానికి అందుతుంది, అప్పుడప్పుడు తనంతట తాను చెరిగి మామూలు పువ్వు మళ్లీ పూస్తుంది.

మూడో ప్రశ్న దగ్గర ఈ ఉదాహరణల్లో ఎక్కువ భాగం ఆగిపోతాయి. ఆ వింత పువ్వు మొక్క దేనికోసమో ప్రయత్నించి తెచ్చుకున్నది కాదు. పిల్లలకు అందిన గుర్తు మేలు చేయవచ్చు, కీడు చేయవచ్చు, ఏమీ చేయకపోవచ్చు. అంటే అది మ్యుటేషన్‌లాగే మరో రకం తేడా, ఎంపికకు మరో ముడిసరుకు. మ్యుటేషన్ కంటే తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. పరిణామ సిద్ధాంతానికి ఇది చేర్పు, అందులో సందేహం లేదు. దీన్ని ప్రకృతివరణానికి ప్రత్యామ్నాయంగా చూపడమే అతి.

మూడు ప్రశ్నలూ దాటిన బాక్టీరియా

ఆ మూడు పరీక్షలూ నెగ్గిన వ్యవస్థ ఒకటి ఉంది. అదీ ఒకప్పుడు లూరియా, డెల్‌బ్రుక్ లామార్క్‌ను ఓడించిన బాక్టీరియా ప్రపంచంలోనే. క్రిస్పర్ వ్యవస్థ ఉన్న బాక్టీరియా తనపై దాడి చేసిన వైరస్ డీఎన్‌ఏలో చిన్న తునకను కత్తిరించి తన సొంత డీఎన్‌ఏలో భద్రపరుస్తుంది. అదే వైరస్ మళ్లీ వస్తే ఆ తునక సాయంతో గుర్తుపట్టి ముక్కలు చేస్తుంది. పెరుగు, చీజ్ తయారీలో వాడే ఒక బాక్టీరియాలో 2007లో దీన్ని నిరూపించారు. తునకను చేరిస్తే వైరస్‌ను తట్టుకుంది, తీసేస్తే ఆ శక్తి పోయింది. ఇక్కడ అవసరం ముందు వచ్చింది, దానికి సరిగ్గా తగిన మార్పు తర్వాత వచ్చింది, అది డీఎన్‌ఏలోకే ఎక్కింది కాబట్టి సంతానానికి అందుతుంది. దీన్ని లామార్క్ తరహా పరిణామమని 2009లో యూజీన్ కూనిన్, యూరి వోల్ఫ్ అన్నప్పుడు అందులో అతిశయోక్తి పెద్దగా లేదు.

అయినా ఇక్కడా ఎంపిక చేతులు ముడుచుకుని కూర్చోదు. దాడి జరిగినప్పుడు చాలా కణాలు చచ్చిపోతాయి, తునకను పట్టగలిగినవి కొన్నే. పొరపాటున సొంత డీఎన్‌ఏ తునకను దాచుకున్న కణం తనను తానే నరుక్కుని చస్తుంది. అసలు ఇంత పకడ్బందీ యంత్రాంగం ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే మళ్లీ ప్రకృతివరణమే జవాబుగా నిలుస్తుంది.

మందుల లెక్కలో ఈ తేడా

క్షయకు 1940లలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రోగులు మొదట్లో కోలుకుని, కొన్ని నెలల్లో చాలామంది మళ్లీ కిందపడ్డారు. వారి ఊపిరితిత్తుల్లో మందుకు లొంగని బాక్టీరియా మిగిలింది. రెండో మందును జోడించాక ఆ సమస్య బాగా తగ్గింది. ఎందుకు తగ్గిందో తెలియాలంటే ఏ వరస నిజమో తెలియాలి.

మందు తగిలాక బాక్టీరియా "అలవాటు పడేదే" అయితే రెండు మందులిస్తే రెండింటికీ అలవాటు పడుతుంది, కాస్త ఆలస్యమవుతుందేమో అంతే. నిరోధకత ముందే యాదృచ్ఛికంగా పుట్టి ఉంటే లెక్క మారుతుంది. ఐసోనియాజిడ్ అనే క్షయ మందును తట్టుకునే మ్యుటేషన్ సుమారు పది లక్షల బాక్టీరియాలో ఒకదానికి ఉంటుంది. రిఫాంపిసిన్ అనే మరో మందును తట్టుకునేది సుమారు పది కోట్లలో ఒకటి. రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయి కాబట్టి ఒకే బాక్టీరియాలో రెండూ ఉండే అవకాశం ఆ రెండు సంఖ్యల గుణకారం, అంటే కోటి కోట్లలో ఒకటి. క్షయ పుండు పట్టిన ఊపిరితిత్తిలో బాక్టీరియా సంఖ్య సుమారు పది కోట్లు ఉండవచ్చు. ఒక్కో మందుకు విడిగా లొంగనివి అందులో ఉండే వీలుంది, రెండింటికీ ఒకేసారి లొంగనివి ఉండే వీలు దాదాపు లేదు. మామూలు క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు రెండు లేదా మూడు మందులు ఇచ్చే పద్ధతి వెనక ఈ గుణకారమూ ఉంది. హెచ్‌ఐవీకి 1990ల మధ్య నుంచి మూడు మందుల కలయిక పనిచేయడానికీ ఇదే ముఖ్య కారణం.

రోగి ఏదో ఒక మందును మానేసి మిగతాది మాత్రమే మింగితే ఆ గుణకారం విరిగిపోతుంది. మింగిన మందుకు ముందే లొంగని కొద్ది బాక్టీరియా పోటీ లేకుండా పెరిగి కోట్లవుతుంది. ఆ కోట్లలో రెండో మందుకూ లొంగనిది ఒకటి పుట్టడానికి ఇక కావలసిందల్లా ఒక్క మ్యుటేషన్.